రెండు పెట్టెల నడుమ తోవ

శబ్దమునకు ముందున్న నిశ్శబ్దమునకును, ఆ నిశ్శబ్దమున కొలువైయున్న వాగ్దేవతకును ప్రణమిల్లి, స్వస్తిశ్రీ విక్రమ నామ సంవత్సర మార్గశిర శుద్ధ షష్ఠి నాడు, హనుమకొండలోని మా యింటి వసారాలో కూర్చుండి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నిన్న కాజీపేట నుండి ఒక పాత పరిచయస్థుడు వచ్చాడు. మాటల నడుమ, రేడియోలు బాగుచేసే సిగ్నలాయన పోయి నెల కావచ్చిందని చెప్పాడు. "మీకు ఎరుకనే అనుకున్న సారు" అన్నాడు. నాకు ఎరుక లేదు. పొద్దున ఫలహారం చేసి, చెప్పులు తొడుక్కొనబోతూ గుమ్మం మీద కూర్చున్నాడట, మరి లేవలేదట. బాధ పడలేదని విని కొంత ఊరట పొందాను.

ఆయన పేరు వ్రాయను. తన పేరు అచ్చులో కనబడటం ఆయనకు గిట్టేది కాదు. సొంత ఇంటి పెండ్లిపత్రికలో కూడా "బంధుమిత్రులు అని ఉన్నది గదా, అండ్ల నన్ను గల్పుండ్రి" అనేవాడు. జీవితచరిత్ర వ్రాయడానికీ నాకు సామగ్రి లేదు. ఎక్కడ పుట్టాడో, ఎంత చదివాడో నేను అడుగలేదు; ఆయన చెప్పలేదు. కాజీపేట రైల్వేలో సిగ్నళ్ల తీగెలు చూసే ఉద్యోగమనీ, స్టేషనుకు అవతల క్వార్టర్లలో నివాసమనీ, తీరిక వేళల రేడియోలు బాగుచేస్తాడనీ, ఊరంతా ఆయనను సిగ్నలాయన అంటారనీ మాత్రమే తెలుసు.

మొదట చూచినది పింగళ నామ సంవత్సరంలో. అప్పుడు నేను బడిలో తెలుగు పండితుడను. మా యింటి రేడియో మూగబోతే, దానిని దుప్పటిలో చుట్టి సైకిలు వెనుక కట్టుకొని కాజీపేట వెళ్లాను. రేడియోను బల్ల మీద పెట్టగానే ఆయన దాని ముఖం వైపు చూడనైనా చూడక, చుట్టూ తిరిగి వెనుకకు పోయి గొంతుక్కూర్చున్నాడు.

"ముందల మొకం అందరికి చూపెడ్తది సారు. ఎనుక జూస్తెనె దాని సంగతి తెలుస్తది" అన్నాడు.

అది ఆయన స్వభావమని తరువాత గ్రహించాను. పెండ్లికి పోతే సన్నాయి మేళం ముందు కాక, మైకు డబ్బా వెనుక నిలుచునేవాడు. ఎవరింటికి పోయినా గోడ గడియారాన్ని కొద్దిగా ఎత్తి వెనుక చూచి మరల వదిలేవాడు. ఆయన భార్య ఈ విషయమై చేసిన వ్యాఖ్యానం నాకింకా చెవిలో ఉంది. నాకు చాయ తెచ్చి ఇస్తూ, ఆయన వినేటట్లే అన్నది: "ఊర్లున్న రేడియోలన్ని పాడ్తానయ్ సారు ఈయన దయతోని. మా ఇంట్ల గడియారం మాత్రం ఆర్నెల్ల సంది పదకొండు గొడ్తనే ఉన్నది."

"పదకొండుకు కరెక్టుగనే గొడ్తాంది గదనే" అన్నాడాయన, తల ఎత్తకుండా.

రేడియో బాగయిన తరువాత ఆయన పాట పెట్టలేదు. దాని గొంతు పూర్తిగా తగ్గించి, చెవి ఆనించి వినమన్నాడు.

"ఏమీ వినబడటం లేదు" అన్నాను.

"గదే ఇనుండ్రి. మొన్నటి దాక గుర్రుమంటుండె. ఇప్పుడు ఉత్తగున్నది. ఉత్తదాన్ని ఇనొస్తెనె పాట ఇనొస్తది సారు."

ముప్పది యేండ్లు పిల్లలకు ఛందస్సు చెప్పినవాణ్ణి. యతిస్థానంలో ఆగటం నేర్పినవాణ్ణి. మౌనాన్ని కూడా పరీక్షించి పుచ్చుకొనవచ్చునని నాకు ఒక తీగెల మనిషి చెప్పవలసివచ్చింది. అటుపైని నెలకొకసారైనా కాజీపేట పోయేవాణ్ణి, రేడియో పాడయినా కాకపోయినా.

ఆయన పనిముట్ల రేకు డబ్బాలో కత్తెర, పటకారు, మసిగుడ్డలతో బాటు చిన్న కాగితం పొట్లంలో చింతపండు ఉండేది. ఇత్తడి మొనలను దానితో తోమి, తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి గాని బిగించేవాడు కాదు. ఇక తీగె విషయంలో ఆయనది వ్రతనిష్ఠ. రెండు స్థానాల నడుమ దూరాన్ని జేనలతో కొలిచి, అంతకు వ్రేలెడు కూడా మిగలకుండా కత్తిరించేవాడు. "ఎక్కువున్న తీగె ఊకుండది సారు. గాలిల ఏది దొరికితె గది వట్టుకొస్తది" అనేవాడు. ఇది నిజమేనని ఆ విద్య తెలిసినవారు నాతో అన్నారు. వదులుగా చుట్టి వదిలిన తీగెను ఎక్కడ చూచినా ఆయన వ్రేళ్లు ఊరుకొనేవి కావు.

మనుష్యులను కూడా ఆయన ఆ భాషలోనే తూచేవాడు. చీటికిమాటికి మండిపడేవానికి ఎర్తు లేదనేవాడు. ఇంటి విద్యుత్తులో దారితప్పిన భాగాన్ని భూమిలోనికి దింపే తీగె పేరు ఎర్తు. ఒకనాడు నేను, "నాకున్నదా మరి?" అని అడిగాను. "మీకు ఎక్కువైంది సారు. ఎవ్వలేమన్నా భూమిలకే పోతాంది, బయటికి సప్పుడే వస్తలేదు" అన్నాడు. ప్రధానోపాధ్యాయుడు ఆ వారమే నన్ను అకారణంగా మందలించిన సంగతి ఆయనకు తెలుసు.

ఇప్పుడు నేను చెప్పదలచిన ప్రసంగానికి వస్తాను. హనుమకొండలో మా వీధికి రెండు వీధుల అవతల ఒక బట్టల వ్యాపారి ఉండేవాడు. అందరూ సేటు అనేవారు. సంగీతమంటే ప్రాణం. ఆయన మేడమీది హాలులో సిగ్నలాయన తన చేతులతో చేసిన ఆంప్లిఫయరు, ధాన్యపు గాదెలంతేసి రెండు స్పీకరు పెట్టెలు ఉండేవి. ప్రతి ఉగాదికి నేను ఆ హాలులోనే పంచాంగం చదివేవాణ్ణి. విభవ నామ సంవత్సరం మాఘమాసంలో, దుబాయిలో ఉద్యోగం చేసే సేటు బావమరిది రెండు నల్లని పెట్టెలు తెచ్చి ఇచ్చి తిరిగి వెళ్లిపోయాడు. మొదటి పెట్టె వెండి బిళ్ల వంటి ఒక పళ్లెరాన్ని తిప్పి, దానిమీద అంకెలుగా వ్రాసిన శబ్దాన్ని చదువుతుంది. రెండవ పెట్టె ఆ అంకెలను మరల శబ్దంగా మార్చి ఆంప్లిఫయరుకు అందిస్తుంది. అటువంటివి మా ఊరిలో అంతకుముందు ఎవరూ చూడలేదు.

అదే సమయంలో సిగ్నలాయనకు ఉద్యోగ విరమణ దగ్గరపడింది. జ్యేష్ఠమాసాంతానికి క్వార్టరు ఖాళీ చేయాలి. ఆయనకు ఒక్కటే కోరిక ఉండేది.

"ఊరి నడిమిట్ల ఒక అర్ర సారు. ఒక బల్ల, ఒక కిటికి. తీగె పని నేర్చుకుంటమని వచ్చినోళ్లకు కూసునే జాగ. గంతే."

ఎక్కడ అడిగినా, టంకం పొగకు గోడలు నల్లబడతాయని ఇవ్వలేదు. సేటు ఇంటి మూలన, వీధిలోనికి తలుపున్న గది ఒకటి ఖాళీగా ఉంది. ఒకప్పుడు బట్టల మూటలు పెట్టేవారు. ఆయన దానిని అడిగాడు. సేటు వ్యాపారి; సూటిగానే చెప్పాడు.

"అన్నా, హైదరాబాదుల గిసొంటి డబ్బాలమ్మే ఒకాయన గూడ ఆ అర్ర అడుగుతాండు. డబ్బాలు నేనే వచ్చి బిగిస్త అంటాండు. నువ్వు మొదటోనివి, నిన్ను కాదన. ఉగాది నాడు పంచాంగం అయినంక చుట్టాలందరు కూసుంటరు. ఆ పొద్దటికి ఇవి మంచిగ పాడేటట్టు చెయ్యి. అర్ర నీదే. లేదంటె మాత్రం ఏమనుకోకు."

ఆ విధంగా, ఒక మనిషి మిగిలిన జీవితం రెండు పెట్టెల నడుమ వేయవలసిన మూరెడు తోవ మీద ఆధారపడింది.

ఉగాదికి ఇంక నాలుగు రోజులున్నవనగా, మధ్యాహ్నం ఆయన నన్ను వెంట తీసుకొని సేటు మేడమీదికి పోయాడు. పెట్టెలతో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. నాది బడిలో నేర్చిన ఇంగ్లీషు. అయినా వేలు పెట్టి చదువుకొంటూ అర్థం చెప్పాను. సేటు దుకాణంలో ఉన్నాడు. సేటు తల్లి, డెబ్బది దాటిన ముత్తైదువ, క్రింద చింతకాయ తొక్కు దంచుతూ ఉంది; రోకటి చప్పుడు పైకి వినవస్తున్నది.

ఆయన యథాప్రకారం పెట్టెల వెనుకకు పోయి కూర్చున్నాడు. అక్కడ మూడు తోవలున్నవి. ఎర్రది ఒకటి, తెల్లది ఒకటిగా ఉన్న జంట తీగెలు మొదటిది; వాటితో రెండవ పెట్టె పని లేకుండానే మొదటి పెట్టెను నేరుగా ఆంప్లిఫయరుకు తగిలింపవచ్చును. ఒంటి తీగె పట్టే గుండ్రని రంధ్రం రెండవది. చిన్న తలుపు కలిగిన చదరపు రంధ్రం మూడవది. దానిలో ఎర్రని దీపం మిణుకుమంటున్నది. రంధ్రాలు రెండింటిలో ఈ చదరపు దానికి మాత్రమే పెట్టెలతో బాటు సన్నని నల్ల తీగె వచ్చింది. బావమరిది టెలిఫోనులో చెప్పాడట: అన్నిటిలోకి కొత్తది, గొప్పది అదేనని. సేటు కూడా దానినే పెట్టుమన్నాడు.

పుస్తకంలో అంకెలు వెలుగు ద్వారా పోవునని వ్రాసి ఉంది. నేను అట్లే చదివి చెప్పాను. ఆయన ఆ ఎర్రదీపాన్ని చూచి తల ఊపాడు. ముప్పదియైదేండ్లు ఆయన దీపాలతోనే బ్రతికాడు. రైల్వేలో ఎక్కడ దీపం వెలిగినా దానికి కబురు రాగి మీదుగానే పోతుంది. ఈ దీపం కూడా తోవ ఉన్నదని చెప్పే గుర్తనుకొన్నాడు. నేను అనుకొన్నదీ అదే.

తీగె నిలువెత్తుకు మించి పొడవుంది. పెట్టెల నడుమ దూరం రెండు జేనలు. ఆయన కొలిచాడు, మరల కొలిచాడు, కత్తెరతో టక్కున కోశాడు. కోసిన మొనను గోటితో ఒలిచి కండ్ల దగ్గర పెట్టుకొన్నాడు.

"సారు, ఇండ్ల రాగి లేదు" అన్నాడు.

మిగిలిన ముక్క ఒక కొసను కిటికీ వైపు త్రిప్పి రెండవ కొసను చూచాడు. అక్కడ ఆవగింజంత వెలుగు నిలిచింది. వ్రేలు అడ్డం పెడితే ఆరింది, తీస్తే వెలిగింది. ఆయన ముఖం విప్పారింది. "వెలుగే పోతాంది సారు. ఉత్త వెలుగే. జూడుండ్రి" అని నా కంటి దగ్గర పెట్టాడు. నేను ముందుగా భయపడ్డాను. ఆయన ముందుగా ఆశ్చర్యపడ్డాడు. భయం తరువాత వచ్చింది. మా ఇద్దరికీ నడుమ తేడా ఆ ఒక్క క్షణంలో ఉంది.

కోసిన మొనను రంధ్రంలో దూర్చి చూచాడు. పట్టలేదు. అటువంటి తీగె హైదరాబాదులో దొరికితే ఆ డబ్బాలమ్మే ఆయన దగ్గరే దొరకాలి; ఆయనను అడిగితే గది ఆయనకు అప్పగించినట్లే. దుబాయి నుండి రావాలంటే నెలలు పడుతుంది.

అప్పుడు నేనొక మాట అన్నాను. ఈ వ్యాసం వ్రాయడానికి ఆ మాట కూడా ఒక కారణం. "ఎర్ర తెల్ల తీగెలు ఉన్నవి కదా. అవి తగిలించి ఊరుకో. పెట్టె పాడుతుంది. చదరపు రంధ్రంలో మొన అట్లే కనబడనీ. సేటుకు వెనుక చూచే అలవాటు లేదు" అన్నాను.

ఆయన నా వైపు చూచి నవ్వాడు. కోపం లేదు.

"పంతులుగారు, మీరు బడిల గిదే చెప్తరా?" అన్నాడు. తరువాత రెండు ముక్కలనూ చేతిలో పట్టుకొని మెట్లు దిగాడు. నేను వెంట నడిచాను.

దుకాణంలో బేరాలున్నవి. ఆయన వారు పోయేదాక ఆగలేదు. గద్దె ముందు నిలిచి రెండు ముక్కలూ పరచిన జరీ బట్ట మీద పెట్టాడు. "కోసిన సేటు. ఇది కోసేది గాదు. నాకు తెల్వలె."

సేటు ముక్కలను త్రిప్పి చూచాడు. చేతిలోని గజంబద్దను ప్రక్కన పెట్టాడు. "ఇదేం పని అన్నా. కత్తెర వెట్టేముందు ఒక్క మాట అడుగొద్దా. మా గుమాస్తా గూడ రెండుసార్లు కొలిచి ఒకసారి కోస్తడు."

"నేను గూడ రెండుసార్లు కొలిచిన సేటు. ఏం కొలుస్తాన్ననో గది తెల్వలె."

బేరానికి వచ్చిన ఆడవారు నవ్వారు. సేటు నవ్వలేదు. "ఉగాది దాక జూస్త. గాదంటె ఆ హైదరాబాదాయనకు కబురు వెడ్త" అన్నాడు.

మరునాడు ఉదయం మనసు నిలువక కాజీపేట పోయాను. ఆయన గుమ్మంలో చాపమీద కూర్చుండి, సేటు అనుమతితో తెచ్చుకొన్న ఇంగ్లీషు పుస్తకాన్ని తలక్రిందులుగా పట్టుకొని బొమ్మలు చూస్తున్నాడు. పెట్టె వెనుక భాగం చూచినట్లే పుస్తకానికీ వెనుక నుండి మొదలుపెట్టాడు కాబోలు.

"ఈ అంకెలంటరు గదా సారు. ఎన్ని అంకెలు?" అని అడిగాడు.

చదివి చెప్పాను. "రెండే. ఒకటి, సున్న. వాటితోనే సమస్త శబ్దమూ వ్రాయవచ్చునట."

అన్న తరువాత నాకే ఏదో తోచింది. నేల మీద సుద్దముక్కతో గురువుకూ లఘువుకూ గుర్తులు వేసి చూపాను. "మా విద్యలోనూ రెండే. ఎంత పెద్ద కావ్యమైనా ఈ రెండు గుర్తుల వరుసలోనే నడుస్తుంది. ఉత్పలమాల అయినా, చంపకమాల అయినా ఇవే. గురువును లఘువనుకొన్నావా, పద్యం చెడింది. లఘువు కొంచెం తీయగా పలికితే గురువు కాదు. కొంచెం బొంగురుగా పలికితే లఘువుతనం పోదు."

ఆయన ఆ గుర్తులను చాలాసేపు చూచాడు.

"మా రెక్క గూడ గంతే సారు. సిగ్నలు రెక్క. ఉంటె అడ్డముండాలె, లేదంటె వంగాలె. నడిమిట్ల నిలవడ్డదనుకో, డ్రైవరు దాన్ని అడ్డమున్నట్టే లెక్కవెట్టి బండి ఆపుతడు." కొంచెం ఆగి అన్నాడు: "అంటే ఈ రెండు డబ్బాల నడిమిట్ల తీగె పాట పాడేది గాదు. గది కబురు మోసేది. దానికి తీపి అక్కర లేదు. అడ్డమున్నదాన్ని వంగినట్టు చూపెట్టకుంటె సాలు."

"అంతే అయి ఉంటుంది."

"మరి వెలుగైతె ఏంది, రాగి అయితె ఏంది?"

పుస్తకంలో గుండ్రని రంధ్రానికి ఎట్టి తీగె వాడవలెనో చూడుమన్నాడు. పేరు పెద్దగా ఉంది, నాకు తెలియలేదు. ప్రక్కనే డెబ్బదియైదు అన్న అంకె, దానికొక గ్రీకు గుర్తు ఉన్నవి. ఆ గుర్తును చూడగానే ఆయన లేచి నిలుచున్నాడు.

"టీవీ ఏరియలు తీగె సారు. చదునుది గాదు, గుండ్రటి నల్లది. దాని మీద గిదే అంకె అచ్చువోసి ఉంటది. పోయిన్నెల సేటు ఇంటి మీద ఏరియలు వెట్టింది నేనే. మిగిలిన ముక్క ఆల్ల అటుక మీదనే ఉన్నది."

ఆయన భార్య లోపలి నుండి, "ఇదన్న కోసేముందు లోపలేమున్నదో జూడు" అన్నది.

ఆ రోజే ముక్క తెచ్చాడు. మొనలను చింతపండుతో తోమాడు. ఈసారి కొలిచిన తరువాత కత్తెరను నా చేతిలో పెట్టి, "మీరు కోయుండ్రి సారు, నా చెయ్యి మంచిగ లేదు" అన్నాడు. కోశాను. లోపల రాగి ఉంది. తగిలించి మీట నొక్కితే రెండవ పెట్టె మీద పచ్చని దీపం వెలిగింది. పళ్లెరం తిరిగింది. శబ్దం వచ్చింది. సేటు దుకాణం నుండి పరుగున వచ్చి విని, "ఇంకేంది, అయిపాయె" అన్నాడు.

ఆయన మాత్రం పళ్లెరాన్ని ఆపి, ఆంప్లిఫయరు గొంతు పెంచి, వేలు పెదవులపై పెట్టాడు. అందరం విన్నాం. సేటు, "ఏం సప్పుడు లేదు గదా" అన్నాడు. నాకూ ఏమీ వినబడలేదు.

"ఉన్నది" అన్నాడు సిగ్నలాయన.

మెట్ల మీద నుండి సేటు తల్లి పలికింది. ఎప్పుడు వచ్చి నిలుచున్నదో తెలియదు. "ఉన్నది కొడుకా. తేనెటీగె లెక్క. కింద రోలు కాడికి గూడ వస్తాంది."

"గదే పెద్దమ్మ" అని ఆయన ఆమెకు నమస్కరించాడు. తరువాత సేటుతో చెప్పాడు: "ఆ వెలుగు తీగె ఉంటె రెండు డబ్బాలకు రాగి సుట్టరికం ఉండకపోవు. ఒకదాని రోగం ఇంకొకదానికి అంటకపోవు. మీ బావమర్ది చెప్పింది గా మాటకు నిజమే. అది కోసింది నేను. ఈ సప్పుడు నా తప్పే."

"పోనీ అన్నా, గింత సప్పుడు ఎవ్వలింటరు. ఉగాది నాడు మందిల ఏం తెలుస్తది."

"పెద్దమ్మ ఇంటది."

ఆయన హాలంతా కలియ దిరిగాడు. పిన్నులు, మీటలు, గోడలోని తీగెలు చూచాడు. పాతకాలపు ఇల్లు, ఎక్కడా ఎర్తు లేదు. దారితప్పిన విద్యుత్తుకు పోవటానికి చోటు లేక పెట్టెలలోనే తిరుగాడుతున్నదని చెప్పాడు. మరునాడు ఉదయం, రైల్వేలో సిగ్నళ్ల గదులకు చేసినట్లే, పెరట్లో బట్టలుతికే బండ ప్రక్క నిలువులోతు గుంత తవ్వటం మొదలుపెట్టాడు. కూలివాళ్లను పిలువనీయలేదు. మధ్యాహ్నానికి భుజాల దాకా లోపలికి దిగాడు. దుకాణంలోని ఇస్త్రీ బొగ్గు వచ్చింది. తరువాత ఉప్పు అడిగాడు.

"ఎంత బిడ్డా?" అన్నది సేటు తల్లి.

"ఒక బస్త పెద్దమ్మ. దొడ్డుప్పు."

ఆమె గుంత వైపు, తన కొట్టుగది వైపు మార్చి మార్చి చూచింది. "మామిడికాయ తొక్కుకని తెచ్చి వెట్టుకున్న. ఈయేడు మేము సప్పటి తొక్కు తినాలె, నీ డబ్బాలు ఉప్పు తినాలె" అని గొణిగి, బస్తా తానే ఈడ్చుకొని రాబోయింది. నేను అందుకొన్నాను. ఒక వరుస బొగ్గు, ఒక వరుస ఉప్పు, నడుమ రాగిపలక, మరల బొగ్గు, మరల ఉప్పు. పైన మన్ను కప్పి, పది బిందెల నీరు పోయించాడు. అమావాస్య నాడు కూడా నీరు పోశాడు. తీగెను గోడ మీదుగా మేడకు ఎక్కించి పెట్టెలకు కలిపాడు. ఒక్క జేన కూడా వదులు లేదు.

ఆ తరువాత మీట నొక్కి, గొంతు పెంచి విన్నాడు. ఏమైనదో మాకు చెప్పలేదు. సేటు అడిగితే, "రేపు పెద్దమ్మనే అడుగు" అన్నాడు.

శుక్ల నామ సంవత్సర చైత్ర శుద్ధ పాడ్యమి. పచ్చడి పంచి, నేను పంచాంగం చదివాను. హాలు నిండుగా చుట్టాలున్నారు. నా మాటలకన్న మూలనున్న నల్లపెట్టెల మీదనే అందరి కన్నులూ ఉన్నవి. ఆదాయ వ్యయాలు, రాజపూజ్యావమానాలు చెబుతూ ఉండగా నా కన్ను కూడా అటే పోయింది. సిగ్నలాయన రాశి కన్య అని తెలుసు గనుక, దానికి వచ్చేటప్పటికి కొంచెం గట్టిగా చదివానేమో.

పంచాంగం ముగిసింది. ఆయన తెల్లని చొక్కా తొడుక్కొని వచ్చాడు. పెట్టెల ప్రక్క నిలుచుండి, "జర సప్పుడు జేయకుండ్రి. మొదలు ఉత్తదాన్ని ఇనుండ్రి" అన్నాడు. సేటు మేనమామ ఒకడు, "ఉత్తది ఇనుటానికి గింత దూరం వచ్చినమారా" అన్నాడు. కొందరు నవ్వారు. ఆయన ఆంప్లిఫయరు గొంతు పూర్తిగా పెంచాడు. నవ్వు సద్దుమణిగింది. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టడం వినబడింది. గోడ మీది క్యాలెండరు కాగితం గాలికి కదలటం వినబడింది. సేటు తల్లి తల ప్రక్కకు వంచి, కన్నులు మూసుకొని కూర్చున్నది. అంతసేపూ ఆయన ఆమెనే చూస్తున్నాడు.

"పోయింది బిడ్డా" అన్నదామె. "తేనెటీగె పోయింది."

అప్పుడు పళ్లెరం తిప్పాడు. దుబాయి నుండి వచ్చినది ఒక్కటే. యంత్రాల గొప్ప చూపడానికి చేసిన మాదిరి పళ్లెరం. మొదట వాన కురిసింది. ముందు వరుసలోని ఒక ఆడపడుచు లేచి, ఆరేసిన బట్టలు తీయబోయి, నాలుక కరుచుకొని కూర్చున్నది. తరువాత ఏదో దేశపు పొగబండి ఎడమ స్పీకరు వైపు నుండి వచ్చి, గది నడుమగా పోయి, కుడి గోడలో నుండి వెళ్లిపోయింది. పిల్లలు కాళ్లు ముడుచుకొన్నారు. హాలులో ఎవరికీ తీగె గాని, పెట్టె గాని, వాటి నడుమ తోవ గాని గుర్తులేదు.

సిగ్నలాయన మాత్రం కనుబొమలు ముడిచాడు. "మళ్లొకసారి ఇనుండ్రి" అని బండిని వెనుకకు తెచ్చాడు. వేలితో లెక్కపెట్టాడు. "ఆ నాలుగో డబ్బా కింద ఒక చక్రం అరిగింది. టప్పు టప్పు అంటాంది. గా బండిని షెడ్డుకు వంపాలె" అన్నాడు.

సేటు మేనమామ, "ఏ దేశం బండికి ఈన రిపేరు చెప్తాండో జూడుండ్రి" అన్నాడు. హాలంతా నవ్వింది. సేటు నవ్వు ఆపుకొనలేక కన్నులు తుడుచుకొన్నాడు. కొంత తడవుకు సిగ్నలాయన ప్రక్కకు వచ్చి నిలుచుండి, అందరూ వింటూ ఉండగానే, కాని ఆయనతో మాత్రమే మాట్లాడుతున్నట్లు మెల్లగా అడిగాడు.

"అన్నా, కింద అర్రల గూడ ఎర్తు లేదు. ఇంకొక గుంత తవ్వాల్నా, ఈ గుంతల నుంచే తీగె గుంజొచ్చా?"

ఆయన చేతిలోని మసిగుడ్డను మడిచి, మరల విప్పి, మరల మడిచాడు. "ఇదే సాలు సేటు" అన్నాడు. "గోడ పక్కనె గదా. ఆరు జేనలుంటది."

"మళ్ల ఉప్పు అడుగకు" అన్నది సేటు తల్లి.

శుక్ల నామ సంవత్సర శ్రావణ శుద్ధ పంచమి నాడు ఆయన ఆ గదిలో కిటికీ ప్రక్క బల్ల వేసుకొన్నాడు. ఆ కార్తికమాసంలో దుబాయి నుండి కొత్త వెలుగు తీగె వచ్చింది. ఆయన దానిని కోయకుండా తగిలించి, రెండు తోవలనూ మార్చి మార్చి వినిపించాడు. సేటుకు గాని, సేటు తల్లికి గాని, నాకు గాని తేడా తెలియలేదు. తేడా లేనప్పుడు, తెగినా ఊళ్లోనే దొరికే తీగె మేలని కార్తిక బహుళ విదియ నాడు ఆయన నల్ల ఏరియలు తీగెనే తిరిగి బిగించాడు.